కడబంతి భోజనం

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. ఈ సామెత కట్టినవాడెవరో గాని, కడబంతిలో ఒక్కనాడూ కూర్చుని ఉండడు. ఎందుకంటే మన ఇళ్ళల్లో వడ్డించేదీ మనమే, కడబంతిలో కూర్చునేదీ మనమే. అయినా మన విస్తరి దగ్గరికి వచ్చేసరికి కూర ఉండదు, గిన్నె అడుగున గరిటె గీరుకున్న చప్పుడు మాత్రం ఉంటుంది.

పోయిన కార్తీకంలో బంధువుల ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాను. మొదటి బంతిలో మగవాళ్ళూ, పిల్లలూ. మేమంతా కొంగులు నడుముకి దోపుకుని వడ్డనలో ఉన్నాం. పదిహేనేళ్ళ పిల్ల ఒకతె, పొద్దుటినించీ మామిడాకులు గుచ్చి, పీటలు మోసి, పిల్లల వరసలో కూర్చుని రెండో పూర్ణం అడిగింది. ఎదురు వరసలో పెద్దాయన ఒకరు - వరసకి నాకు బాబాయి లెండి - పెద్దగా నవ్వి, "ఆడవాళ్ళకి ఆకలి రెండింతలని చాణక్యుడు ఊరికే అన్నాడా! మిగతా లెక్క ఇక్కడ చెప్పకూడదులే" అన్నారు. బంతిలో మగవాళ్ళంతా గొల్లుమన్నారు. పిల్ల మొహం కందగడ్డ అయింది. పూర్ణం విస్తట్లో అలాగే ఉండిపోయింది.

ఆయన మింగేసిన ఆ మిగతా లెక్కేమిటో నేను చెబుతాను. మనం సిగ్గుపడవలసిన పనేం లేదు. చాణక్య నీతి పేరుతో చలామణీ అవుతున్న శ్లోకం ఒకటుంది. మగవాడితో పోలిస్తే ఆడదానికి ఆకలి రెండింతలు, సిగ్గు నాలుగింతలు, సాహసం ఆరింతలు, కామం ఎనిమిదింతలు అని దాని తాత్పర్యం. సిగ్గు ఉన్నచోట బుద్ధి అని మరో పాఠం కూడా ఉంది. కాని బంతి భోజనాల దగ్గర శ్లోకాలు వల్లించే పెద్దలకి ఆ పాఠం మాత్రం ఎందుకో గుర్తుకురాదు.

సరే, ఈ లెక్క ఎవరు వేశారు? ఏ తక్కెడలో తూచారు? ఎంతమంది ఆడవాళ్ళని అడిగి రాసుకున్నారు? ఎవరూ తూచలేదు, ఎవరూ అడగలేదు. మన ఆకలినీ, మన కోరికనీ మనకి తెలియకుండా లెక్కగట్టి, ఆ లెక్క మనకే చదివి వినిపించి నవ్వుతున్నారు. పోనీ, నిజంగా తూచినవాళ్ళు ఏమంటున్నారో చూద్దాం.

మన హైదరాబాదులో, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది. మనదేశంలో ఎవరు ఎంత తినాలో నిర్ణయించేది ఈ సంస్థే. 2020లో వాళ్ళు ఇచ్చిన లెక్క ప్రకారం, ఒకచోట కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకి 2,110 కేలరీలు కావాలి. అలాంటి పనే చేసే ఆడదానికి 1,660 చాలు. అంటే ఆకలి రెండింతలు కాదు, మగవాడి పాలులో ముప్పాతిక కంటే కాస్త ఎక్కువ, అంతే. బాబాయిగారు మొదటి మెట్టు మీదే జారారు.

అయితే ఒకే ఒక్క విషయంలో మన అవసరం మగవాళ్ళకంటే బాగా ఎక్కువ. అది ఇనుము. మగవాడికి రోజుకి 19 మిల్లీగ్రాములైతే మనకి 29. నెలనెలా పోయే రక్తానికి పూడ్పు కావాలి కదా! ఒకటిన్నర రెట్లన్నమాట. ఇప్పుడు చెప్పండి, ఇనుము ఎక్కడుంటుంది? ఆకుకూరల్లో, పప్పుల్లో, మాంసం తినే ఇళ్ళల్లో కాలేయంలో, మాంసంలో. కడబంతికి మిగిలేవేమిటి? అన్నం, చారు, మజ్జిగ. తోటకూర పప్పు మొదటి బంతిలోనే అయిపోయింది. మాంసం కూరలో మనకి మిగిలింది ఎముకా, పులుసూ. ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ళకే అడుగూ బొడుగూ. ఇంతకంటే తలకిందుల వడ్డన ఇంకొకటి ఉంటుందా?

దీని ఫలితం కూడా లెక్కల్లో ఉంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అదే వయసు మగవాళ్ళలో నూటికి 25 మంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళ సంఖ్య 58.8, తెలంగాణలో 57.6. తిండికి లేని ఇళ్ళు మాత్రమే అనుకోకండి. నెలసరీ, కాన్పులూ కూడా కారణాలే, కాదనను. కాని ఆ కారణాలు ఉన్నాయి కాబట్టే మనకి ముందు పెట్టాలి. చివర పెట్టడం ఏ న్యాయం?

ఇంకో చిత్రం చూడండి. పచ్చిబియ్యం నమిలే ఆడపిల్లల్ని మీరందరూ చూసే ఉంటారు. డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు గుప్పెడు నోట్లో వేసుకుంటుంది. ఇంకో పిల్ల బలపాలు, సుద్దముక్కలు. ఇంకొకామె, ముగ్గురు పిల్లల తల్లి, తడిసిన మట్టివాసన వస్తే ఆగలేదు. ఈ కాలం వాళ్ళయితే ఫ్రిజ్‌లో ఐసుముక్కలు కొరుకుతారు. మనం ఏం చేస్తాం? "బియ్యం తింటే నీ పెళ్ళిలో వాన కురుస్తుందే" అని బెదిరిస్తాం. పాడు అలవాటని చేతి మీద ఒకటి వేస్తాం. ఒంట్లో ఇనుము తగ్గినవాళ్ళకి ఇలాంటి తిండి కాని తిండి మీద యావ పుట్టడం వైద్యులకి ఎప్పటినుంచో తెలుసు. ఇనుము మాత్రలు వాడితే చాలామందిలో ఆ యావ దానంతటదే పోతుంది. అంటే అది పిల్ల గుణం కాదు, ఆ పిల్ల రక్తం పెట్టుకున్న అర్జీ. మనం అర్జీ చదవకుండా అర్జీదారుని కొడుతున్నాం.

ఆకలిని గుణంగా లెక్కగట్టడం, నా కోపమంతా అక్కడే. "తిండిపోతు", "నోరు కట్టుకోలేదు", "ఆమెకెంత నిగ్రహమో, మధ్యాహ్నం మూడింటిదాకా మెతుకు ముట్టదు". తినకపోతే సుగుణం, తింటే దుర్గుణం. పైగా రోజంతా తినక చిరాకు పడితే, దానికి వేరే పేరు - ఆడబుద్ధి.

ఆడబుద్ధి అంటే ఏమిటో తేల్చిన ఒక పరీక్ష కథ చెబుతాను, వినండి. అమెరికాలో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో, 1944 నవంబరులో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మందిని చేర్చుకున్నాడు. అందరూ మగవాళ్ళే. వయసులో ఉన్నవాళ్ళు, ఆరోగ్యవంతులు. తుపాకీ పట్టడం తమ మనస్సాక్షికి విరుద్ధమని యుద్ధానికి వెళ్ళనన్నవాళ్ళు. యూరపులో కరువుపాలైన జనానికి మళ్ళీ ఎలా తిండిపెట్టి నిలబెట్టాలో తెలుసుకోవడానికి, తమ ఒళ్ళు ఇస్తామని తామే ముందుకొచ్చారు. మొదటి మూడు నెలలు కడుపునిండా పెట్టారు. తరువాత ఆరునెలలు దాదాపు సగానికి తగ్గించారు. రోజుకి రెండుపూటలు, రొట్టె, బంగాళాదుంపలు, క్యాబేజీ, అలాంటివి. వారానికి 22 మైళ్ళు నడవాలి. ఆరునెలలకి ఒక్కొక్కరూ తమ బరువులో నాలుగోవంతు పోగొట్టుకున్నారు.

బరువు పోవడం వింత కాదు. మిగతాది వినండి. ఈ చదువుకున్న మగవాళ్ళకి వంటల పుస్తకాల మీద వ్యామోహం పట్టుకుంది. కూర్చుంటే వంటల కబుర్లు, నిలుచుంటే వంటల కబుర్లు. కొందరు అక్కర్లేని గిన్నెలూ, వంటసామానూ, పాత బట్టలూ కొని పోగేశారు. కంచాలు నాకారు. ఉన్న కాస్త తిండినీ నీళ్ళు కలిపి పెంచుకుని గంటలకొద్దీ తిన్నారు. కాఫీ మీద కాఫీ తాగారు. ఎప్పుడూ చలి. చిన్నమాటకి కోపం, ఉత్తపుణ్యానికి ఏడుపు. నలుగురిలోకి రావడం మానేశారు. చదువు మీద మనసు నిలవదు.

ఈ లక్షణాలన్నీ ఎక్కడో విన్నట్టు లేదూ? గిన్నెల పిచ్చి, వంటల కబుర్లు, కాఫీతో పొద్దుపుచ్చడం, సణుగుడు, కంటతడి! పాత ప్లాస్టిక్ డబ్బా ఒక్కటి పారేయనివ్వదని భార్య మీద జోకులు వేసే పెద్దమనుషులు కాస్త ఇటు వినాలి. సగం తిండి పెడితే ఆరునెలల్లో 36 మంది మగవాళ్ళకి ఆడబుద్ధి వచ్చింది! అది ఆడబుద్ధి కాదు నాయనా, ఆకలిబుద్ధి.

ఇంకొకటి కూడా పోయింది వాళ్ళకి, ఇది కాస్త మెల్లిగా చెప్పాలి. ఆడదాని మీద కోరిక పోయింది. పాతికేళ్ళ కుర్రాళ్ళు! ప్రేమించిన పిల్లల్ని కలవడం విసుగనిపించి కొందరు మానేశారు. మళ్ళీ తిండి పెట్టడం మొదలెట్టాక కూడా ఆ కోరిక వెంటనే రాలేదు. నెలలు పట్టింది. ఇదంతా కీస్ 1950లో రెండు పెద్ద సంపుటాలుగా అచ్చు వేశాడు.

మనకొక సామెత ఉంది. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు, వలపు సిగ్గెరుగదు అని. మూడింటినీ ఒకే తాటిన కట్టిన పెద్దలు తెలివైనవాళ్ళే. మూడూ శరీరం అడిగేవే. కాని ఒక చిన్నమాట అందులో కలపాలి - మొదటి రెండూ తీరకపోతే మూడోది ఇంటి గడప తొక్కదు.

ఎందుకలా? దీనికి సమాధానం వెదికినవాళ్ళలో మన దేశస్థుడు కూడా ఉన్నాడు. డాక్టర్ బాలకృష్ణ ఆనంద్ 1951లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో బ్రోబెక్ అనే శాస్త్రజ్ఞుడితో కలిసి ఎలుకల మీద పరిశోధన చేశారు. మెదడు అడుగున హైపోథాలమస్ అని బాదంగింజంత భాగం ఉంటుంది. దాని రెండు పక్కలా ఒక చిన్నచోట దెబ్బతీస్తే, ఎదురుగా తిండి ఉన్నా ఎలుక ముట్టదు, ఆకలికి చచ్చిపోతుంది గాని తినదు. దానిది నిగ్రహమందామా? పతివ్రత ఎలుక అని బిరుదిద్దామా? ఆనంద్ తరువాత ఢిల్లీలో ఎయిమ్స్‌లో పనిచేశారు. ఆయన చూపించిన చోటు ఒక్కటే కాదు, ఆకలి వెనక పెద్ద అల్లికే ఉందని తరువాతివాళ్ళు కనుక్కున్నారు. 1994లో న్యూయార్కులో ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోనును పట్టుకుంది. ఒంట్లో కొవ్వు నిలవ ఎంతుందో కొవ్వుకణాలే ఈ హార్మోనుతో మెదడుకి కబురు పంపుతాయి. 1999లో జపానులో గ్రెలిన్ దొరికింది. కడుపు ఖాళీ అయిందని పొట్ట పంపే కబురు అది.

ఆకలి కబుర్లు చేరే ఈ హైపోథాలమస్సే, ఆడవాళ్ళలో అండాశయాలకీ, మగవాళ్ళలో వృషణాలకీ పని పురమాయించే ఆజ్ఞలు కూడా మొదలెట్టేది. ఒకే గుమాస్తా దగ్గర రెండు ఖాతాలన్నమాట. ఇంట్లో డబ్బు తగ్గితే మనం ఏం చేస్తాం? బియ్యం కొంటాం, పట్టుచీర వాయిదా వేస్తాం. శరీరమూ అంతే. నిలవ తగ్గిందని కబురు వస్తే, ఊపిరీ గుండె ఆపదు. బిడ్డని కనే పని వాయిదా వేస్తుంది, కోరిక వాయిదా వేస్తుంది. బాగా చిక్కిపోయిన పిల్లలకీ, కడుపు మాడ్చుకుని సన్నబడాలనే పిల్లలకీ బహిష్టులు ఆగిపోయేది ఇందుకే.

ఇప్పుడు ఆ శ్లోకం దగ్గరికి మళ్ళీ వెళదాం. కామం ఎనిమిదింతలట! పొద్దున్న ఐదింటికి లేచి, అందరికీ డబ్బాలు కట్టి, తను నిలబడి రాత్రి మిగిలిన ఇడ్లీ తిని, ఆఫీసుకో ఇంటిచాకిరీకో నడుం బిగించి, రాత్రి పదింటికి అడుగంటిన చారన్నం తిని పక్క చేరే మనిషికి ఎనిమిదింతలు! ఆ మనిషి గోడవైపు తిరిగి పడుకుంటే అప్పుడు మాట మారుతుంది. "రాయి", "మంచుముక్క", "మనసులో ఏముందో". పగలు శ్లోకం చదివి తిట్టినవాళ్ళే రాత్రి దానికి వ్యతిరేకం చెప్పి తిడతారు. ఆశ ఉంటే తప్పు, లేకపోతే ఇంకా తప్పు. ఆ తప్పు ఒప్పుకుని ఎంతమంది అక్కచెల్లెళ్ళు ఏళ్ళతరబడి తమలోనే ఏదో లోపముందని కుమిలిపోతున్నారో! ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "నువ్వు తిన్నావా? నిద్రపోయావా?" అని అడిగారా?

తిండి ఒక్కటే కారణమని నేననను. నిద్రలేమి, భయం, మాటల్లో ములుకులు, మళ్ళీ కడుపొస్తుందేమోననే గుబులు, ఇవన్నీ కోరికని చంపేవే. మన ఇళ్ళల్లో మిన్నెసోటా అంతటి కరువు లేదనీ ఒప్పుకుంటాను. కాని రక్తం పలచబడిన మనిషికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పొద్దుగూకేసరికి నీరసం. అలాంటి మనిషి కోరిక గురించి తీర్పు చెప్పేముందు రక్తం పరీక్ష చేయించండి అంటున్నాను. హిమోగ్లోబిన్ 12 గ్రాములకి తగ్గిందా, ఆమె రాయి కాదు, రోగి. మందుంది, తిండి ఉంది.

"మా ఆయన చివర తినమని ఎప్పుడూ అనలేదండీ, నాకే అలవాటు" అంటారు మీలో చాలామంది. నిజమే. మా అత్తగారూ నన్ను చివర తినమనలేదు. ఆవిడ చివర తినేది, నేనూ కూర్చున్నాను. ఆవిడకి ఆవిడ అత్తగారు. ఎవరూ చెప్పని ఆజ్ఞకి ఎదురు చెప్పడం అన్నిటికంటే కష్టం. పైగా అందులో ప్రేమ ఉంది. పిల్లలు తింటుంటే చూడ్డంలో కడుపు నిండుతుందంటాం. నిండదు. మనసు నిండుతుంది, కడుపు ఖాళీగానే ఉంటుంది. రెండూ వేరే వేరే పాత్రలు.

"నేను లావుగా ఉన్నాను, నాకేం తక్కువ?" అంటారు ఇంకొందరు. మిగిలిన అన్నం పారేయలేక పెరుగు కలుపుకుని తిని ఒళ్ళు పెరగడం వేరు, రక్తం పట్టడం వేరు. లావుపాటి ఒంట్లోనూ ఇనుము కరువు ఉండొచ్చు.

"మరి ఉపవాసాలో?" అని పెద్దావిడ ఒకరు అడిగారు. దేవుడి మీద భక్తితో, ఇష్టంతో, ఆరోగ్యం ఉండి ఒకపూట మానేస్తే ఆ మాట నేనెందుకు ఎత్తుతాను? కూర చాలక మానేసి, దానికి శనివారం పేరు పెట్టడం మాత్రం ఆ దేవుడు కూడా ఒప్పుకోడు.

అందుచేత నేను చెప్పేది చాలా చిన్న పని. ఇల్లంతా ఒకేసారి కూర్చోండి. గిన్నెలు మధ్యలో పెట్టండి, ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకుంటారు. మగవాళ్ళ చేతులకీ గరిటె పట్టే శక్తి దేవుడిచ్చాడు. అతిథులొచ్చి కుదరకపోతే, కూరలో మీ వాటా ముందే వేరే గిన్నెలో తీసి మూతపెట్టండి. దొంగతనం కాదది. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోండి, ఇనుము బాగా ఒంటపడుతుంది. అన్నం తిన్న వెంటనే కాఫీ, టీ తాగకండి, అవి ఇనుముని పట్టనివ్వవు. గంట ఆగండి. పచ్చిబియ్యం నమిలే పిల్లని కసురుకోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

వ్రతం నాడు మా కడబంతి మూడున్నరకి లేచింది. నేనొక పూర్ణం దాచి ఉంచాను. ఆ పిల్లని పిలిచి పక్కన కూర్చోమని, "తినవే తల్లీ, పొద్దుట సగంలో లేచిపోయావు" అన్నాను. తల అడ్డంగా తిప్పి, "వద్దు పెద్దమ్మా, నాకు ఆకలి లేదు" అంది.

పదిహేనేళ్ళ పిల్ల. పొద్దుటినించీ పనిచేసిన పిల్ల. ఆకలి లేదంది. మన అమ్మ చెప్పిన అబద్ధం, మనం చెప్పిన అబద్ధం, ఆ పిల్ల ఒక్కపూటలో నేర్చుకుంది. నేను పూర్ణం తుంచి సగం నా నోట్లో వేసుకుని, "నాకు ఉందే, బాగా ఆకలేస్తోంది" అన్నాను, అందరూ వినేట్టు. పిల్ల నావంక చూసి, కాసేపాగి, మిగతా సగం తీసుకుంది.

ఆకలేస్తోంది అని ఇవాళ రాత్రి మీ ఇంట్లో ఒక్కసారి గట్టిగా అనండి. మీ కూతురు వినేట్టు అనండి.